నెలాఖరులో పడిపోయే షుగర్

అమెరికాలో రెసిడెన్సీ అయ్యాక, రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలనే జే-1 వీసా షరతు నుంచి మినహాయింపు కోసం డాక్టర్లు దొరకని ఊళ్లకు వెళ్లే తెలుగువాళ్లు చాలామందే. ఈ మినహాయింపులిచ్చే కాన్రాడ్ 30 పథకం కింద రాష్ట్రానికి ఏడాదికి 30 మినహాయింపులు, మూడేళ్ల కాంట్రాక్టు, వారానికి 40 గంటలు. ఈ లెక్కలు అందరికీ కంఠతా వచ్చు. చేరబోయే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో పని ఎలా ఉంటుందో తెలిసేది మాత్రం చేరాకే.

అక్కడ ఫీజు రాబడిని బట్టి. ఫెడరల్ పేదరిక రేఖకు లోపలుంటే పూర్తి మాఫీ లేదా నామమాత్రం, రేఖకు రెండింతల దాకా మెట్లుమెట్లుగా తగ్గింపు. పాలకమండలిలో సగానికి మించి అక్కడ వైద్యం చేయించుకునేవాళ్లే ఉండాలి.

కొత్త డాక్టరు తరచూ పొరబడేది షుగర్ కేసుల్లో. పేదలు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపుల డబ్బు చాలా రాష్ట్రాల్లో నెల మొదట్లోనే కార్డులో పడుతుంది, నాలుగో వారానికి అయిపోతుంది. వంటింట్లో ఏమీ లేకపోయినా పేషెంటు షుగర్ తగ్గించే గ్లిపిజైడ్ మాత్ర మానడు, డాక్టరు చెప్పాడు కదా మరి. తిండి లేక షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, ఎమర్జెన్సీ. అదే మనిషి నెల మొదట్లో వస్తే ఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 9 కనిపిస్తుంది, చేయి డోసు పెంచడానికే పోతుంది. ఆ చేయిని ఆపి ముందు అడగాల్సింది: 'మళ్లీ కొనే డబ్బు చేతికొచ్చేలోపు ఇంట్లో తిండి అయిపోతుందా?' అవునంటే 'తినని పూట ఈ మాత్ర వద్దు' అని పేషెంటు భాషలో రాసివ్వాలి. కిడ్నీలు బాగుంటే మెట్‌ఫార్మిన్ నయం, ఒక్కటే వాడితే లో షుగర్ అరుదు. లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ మొత్తం ఆపమనకూడదు, తిండి లేని రోజు ఎన్ని యూనిట్లో అంకె వేసివ్వాలి. కారులో పడుకునేవాళ్ల ఇన్సులిన్ ఎండకు పాడైపోతుందని కూడా గుర్తుండాలి.

తిండిని మందుగా చూడటం ఇక్కడ పాత సంగతే. 1960లలో మిసిసిపీలోని మౌండ్ బాయూలో డాక్టర్ జాక్ గైగర్ పోషణ లేని పిల్లలకు మందుల చీటీ మీద తిండే రాశారు, ఆ ఖర్చు మందుల బడ్జెట్ నుంచే కట్టారు.

ఇక డిప్రెషన్. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో 10 గానీ అంతకు మించి గానీ వచ్చినా, చావు గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకేం వచ్చినా, 'వచ్చే నెల రండి' అని చీటీ ఇచ్చి పంపకూడదు. బస్సు తప్పుతుంది, జీతం కోతపడుతుంది, మనిషి రాడు. వెంటబెట్టుకుని పక్క గదిలోని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లి, జరిగింది పేషెంటు ముందే రెండు ముక్కల్లో చెప్పాలి, పాపం మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేకుండా. కౌన్సెలర్ షెడ్యూల్ అంచులదాకా నిండితే ఇది సాగదు. గంటకో స్లాటు ఖాళీగా ఉంచేలా పొద్దున సిబ్బంది అంతా కలిసే పది నిమిషాల హడిల్‌లోనే పట్టుబట్టాలి.

పదేళ్ల పిల్లను దుబాసీగా నిలబెట్టకూడదు. తల్లి తన రక్తస్రావం సంగతి కూతురి నోట చెప్పించలేదు. ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌కు టైము ఎక్కువే పడుతుంది, పట్టనివ్వండి.

ఇంటికి వెళ్లి చూసేది కమ్యూనిటీ హెల్త్ వర్కర్, మన ఊళ్లలో ఆశా కార్యకర్త లాంటి మనిషి. ఫ్రిజ్ ఉందో లేదో, అందులో ఏముందో ఆమెకే తెలుస్తుంది. ఆమె నోట్ చదివాకే డోసు మార్చండి. ప్రీపెయిడ్ ఫోన్లు నెలలోపే మూగబోతాయి కాబట్టి, పేషెంటు ఒప్పుకుంటే, వచ్చిన ప్రతిసారీ ఇంకో నంబరు తీసుకోమని ఫ్రంట్ డెస్క్‌కు చెప్పండి. లేకపోతే పొటాషియం ప్రమాదకరంగా ఉందని సాయంత్రం ల్యాబ్ చెప్పినా కబురందించే దారి ఉండదు.