ముళ్ల తీగ తీసేశాం

మా గుర్రం గౌరి ఈని ఇవాళ్టికి నాలుగో రోజు. పదకొండు నెలలు ఎదురుచూశాం గానీ కంచె సంగతి నాకు నిన్నటిదాకా తట్టలేదు. తల్లి ఆరేళ్లుగా ఆ ముళ్ల తీగ పక్కనే మేస్తోంది, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. పిల్లకు పరుగు వచ్చినంత బాగా ఆగడం రాలేదు. నిన్న పాకలో ఉరికొచ్చి గోడకు ఛాతీతో గుద్దుకుంది. అక్కడ తీగ ఉంటే? రాత్రంతా అదే టెన్షన్. పైగా గుర్రాలకు చిన్న గాయంతోనూ ధనుర్వాతం వస్తుంది.

"బర్రెలు ఇన్నేండ్ల సంది ఉన్నయ్ గదమ్మా, ఏమన్న అయిందా?" అన్నాడు పెద్దయ్య.

"గుర్రం బెదిరితే ఆగదు పెద్దయ్యా, కాలు చిక్కితే ఇంకా గట్టిగా గుంజుతుంది. కండ ఊడొస్తుంది."

ఆయన మారు మాట్లాడకుండా కటింగ్ ప్లేయర్ తెచ్చుకున్నాడు.

చేను మొత్తం మా వల్ల కాదు. పాక పక్కన అర ఎకరం చుట్టూ ఐదడుగుల జాలీ కట్టాం, కడీలకు, అంటే కంచె స్తంభాలకు, లోపలివైపు. గుర్రం ఆనుకుంటే బరువు కడీల మీద పడుతుంది, కట్లు ఊడవు. పిల్ల పడుకున్నప్పుడు దాని ముందు గిట్ట కొలిచాను, సరిగ్గా నా మూడు వేళ్ల వెడల్పు. ఇక రోజంతా ఆ మూడు వేళ్లతోనే కంచె తడుముతూ తిరిగాను. ఒకటిన్నర అంగుళాల జాలీ కళ్లలో అవి దూరలేదు. గేటుకీ కడీకీ మధ్య మాత్రం చెయ్యంతా దూరింది. అక్కడ చెక్క బిగించాం. గుర్రప్పిల్లలు కంచె వారన పడుకుని దొర్లి కిందినుంచి అవతలికి పోతాయట, అందుకని జాలీ అంచు మట్టిలో పూడ్చేశాం. తూర్పు మూల మరీ ఇరుకు. దానికి అడ్డంగా వెదురు కట్టాక గానీ నాకు ఊపిరాడలేదు.

గన్నేరు చెట్లు కొట్టించేశాను. పూల కోసం నేనే నాటినవి. గుర్రం గుండె ఆగిపోవడానికి ఆ ఆకులు కొన్ని చాలు, ఎండినా విషం పోదు. ఈ పిల్ల కనబడ్డ ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోంది. రాలిన ఆకులన్నీ ఊడ్చి గోనెసంచుల్లో కట్టి దూరంగా గుంత తీసి పూడ్చాం.

పాత స్పీకర్ అయస్కాంతానికి తాడు కట్టి గడ్డిలో ఈడ్చాను. పందొమ్మిది తీగ ముక్కలు అంటుకున్నాయి, ఒకటి చిటికెన వేలి గోరంత. ఎండ తగ్గాక ఇంకో రెండు సార్లు ఈడ్చాను.

సాయంత్రం గౌరిని పట్టుకుని కంచె వెంబడి మెల్లగా రెండు చుట్లు తిప్పాను. దూరం నుంచే కనబడాలని జాలీకి పాత చీర పీలికలు కట్టాం. పిల్ల ఒక పీలిక దగ్గర ఆగింది. మెడ చాచి వాసన చూసింది, ముక్కు జాలీకి ఆనగానే ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కేసింది. మళ్లీ వచ్చి ఆనించింది. గౌరి గొంతులోనే చిన్నగా పిలిచేసరికి పాలకు పరిగెత్తింది.