గాలి ఊరికే వస్తుంది, అప్పు రాదు

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం కరెంటు బిల్లుల గురించి మాట్లాడుకుంటుంటే ఎవరో ఒకరు అడుగుతారు: "గాలి ఊరికే వస్తుంది కదా, ఆ కరెంటుకు అంత రేటెందుకు?" నేను బ్యాంకులో ప్రాజెక్టు లోన్ల ఫైళ్లు చూస్తాను. దీనికి జవాబు చాలావరకు వడ్డీలోనే ఉంది.

బొగ్గు ప్లాంటు నడిచినన్నాళ్లూ బొగ్గు కొంటూనే ఉండాలి. గాలిమరకు ఆ బాధ లేదు. కానీ టవరు, రెక్కలు, పునాది, లైను అన్నిటికీ డబ్బు ముందే పోయాలి. 2 మెగావాట్ల టర్బైన్ అనుకుందాం. మెగావాట్‌కు 6 కోట్ల లెక్కన 12 కోట్లు. అందులో 70 శాతం అప్పు, అంటే 8.4 కోట్లు. ఏడాది పొడవునా గాలి ఒకేలా వీచదు. పూర్తి సామర్థ్యంలో 28 శాతం వచ్చిందనుకుంటే ఏడాదికి సుమారు 49 లక్షల యూనిట్లు. 9 శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది 75.6 లక్షలు, 11 శాతమైతే 92.4 లక్షలు. గాలి అదే, మిషన్ అదే. యూనిట్‌కు 34 పైసలు పెరిగింది!

బ్యాంకు ఆ రెండు శాతం ఎందుకు ఎక్కువ అడుగుతుంది? కరెంటు కొన్నవాళ్లు టైముకు కడతారో లేదో అన్న టెన్షన్ ఉంటే అడుగుతుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి కరెంటు కొనడానికి చేసుకున్న పాత ఒప్పందాల రేట్లు తగ్గించడానికి కమిటీ వేసింది. అవి యూనిట్‌కు 4 రూపాయల 80 పైసల పైన రాసుకున్నవి. 2017 డిసెంబరులో గుజరాత్ వేలంలో రేటు 2.43 రూపాయలకి దిగింది కాబట్టి కరెంటు కొని మనకు పంచే డిస్కంల గోడులో న్యాయం లేకపోలేదు. కానీ సంతకం చేసిన రేటును మధ్యలో మారుస్తారంటే, రేపు కట్టబోయే ప్రతి గాలిమర మీదా ఆ భయం వడ్డీగా పడుతుంది. చివరికి అది మన బిల్లులోకే వస్తుంది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం రేటే కట్టాలంది. ఆ తీర్పు నాకు సరైనదే అనిపించింది.

గాలికి ఇంకో ఖర్చూ ఉంది. మన దగ్గర గాలి జోరంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా. హైదరాబాద్‌లో ఏసీలు ఆగకుండా తిరిగేదేమో ఏప్రిల్, మేలో. ఆ లోటు పూడ్చే థర్మల్ ప్లాంట్ల ఖర్చు కూడా లెక్కలో వేయాల్సిందే. ఒకే రోజులో వచ్చే హెచ్చుతగ్గులకైతే శ్రీశైలం ఎడమగట్టున మిగులు కరెంటుతో నీళ్లను మళ్లీ పైకి తోడగల మొత్తం 900 మెగావాట్ల జలవిద్యుత్ మిషన్లు ఉన్నాయి. అలాంటివి ఇంకా రావాలి.

లాభం ఎవరికి అన్నది నన్ను ఎక్కువ పట్టి పీడించే ప్రశ్న. ఉరవకొండ వైపు మా పెద్దనాన్న చేను పక్కనే ఒక ఫ్యాను ఉంది, గాలిమరను అక్కడ అందరూ అలాగే అంటారు. దాని కింది నేల అమ్మిన రైతుకు డబ్బు ఒక్కసారే అందింది. చుట్టూ ఉన్నవాళ్లకు లారీలు తొక్కిన గట్లు మిగిలాయి. "అది తిరిగినప్పుడల్లా వాళ్లకు డబ్బే కదరా, మాకేముంది?" అంటాడు పెద్దనాన్న.

యూనిట్‌కు 5 పైసలు ఆ ఊరికి ఇచ్చినా, నేను పైన చెప్పిన టర్బైన్ ఒక్కదాని మీదే ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలు వస్తాయి. వడ్డీ అర శాతం తగ్గితే మిగిలేది అంతకంటే ఎక్కువే. కొత్త ఒప్పందాల్లో ఆ ఐదు పైసలు రాసి తీరాలి.