అమ్మమ్మకి స్టాక్‌హోమ్ చూపించే పని మా అమ్మాయిది

జూన్‌లో మా అమ్మ రాజమండ్రి నుంచి వస్తోంది. స్వీడన్‌లో మేముండే గోథెన్‌బర్గ్ నుంచి స్టాక్‌హోమ్‌కి రైల్లో మూడు గంటలు. రెండు రాత్రులు ఉండి వద్దామనుకున్నాం. ఎక్కడెక్కడికి వెళ్లాలో చూసే పని ఈసారి మా పదకొండేళ్ల అమ్మాయికి అప్పజెప్పాను. షరతు ఒక్కటే. ఏం చూద్దామన్నా ముందు వీడియో కాల్‌లో అమ్మమ్మకి తెలుగులో చెప్పి ఒప్పించాలి.

మా పిల్లలకి నేను తెలుగులో చెప్పింది అర్థమవుతుంది, జవాబు మాత్రం స్వీడిష్‌లో వస్తుంది. నాకు స్వీడిష్ వచ్చని తెలుసు కాబట్టి వాళ్లకి తెలుగుతో పని పడదు. అమ్మతో అలా కుదరదు. అన్నట్టు, అమ్మమ్మ అనే మాట మాత్రం వాళ్లకి విడమర్చి చెప్పాల్సిన పనే లేకపోయింది. స్వీడిష్‌లో మోర్ అంటే అమ్మ, అమ్మ వాళ్లమ్మ మోర్‌మోర్. నాన్న వాళ్లమ్మ ఫార్‌మోర్, అచ్చం మన నాయనమ్మే.

మొదటి ఆదివారం వాసా ఓడ సంగతి ఎత్తింది.

"అమ్మమ్మా, చాలా పెద్ద ఓడ. రాజు కట్టించాడు. 1628లో ఫస్ట్ టైమ్ బయల్దేరింది. కొంచెం దూరం వెళ్లి..." ఆగి నా వైపు చూసింది. నేను అందించలేదు. "నీళ్ల కిందకి వెళ్లిపోయింది."

"అయ్యో, మునిగిపోయిందా!"

"ఆ, మునిగిపోయింది!"

ఇక ఆ మాట వదల్లేదు. మునిగిపోయి 333 ఏళ్లు అడుగునే ఉందట, 1961లో పైకి తీశారట. చెక్కని తొలిచే పురుగు బాల్టిక్ నీళ్లలో బతకదు కాబట్టి పాడవలేదట. ఉప్పు తక్కువ కదా అని నేనొక్క మాట కలిపాను.

"గాలివానకి మునిగిందా తల్లీ?"

"కాదు, చిన్న గాలికే. పైన బరువు ఎక్కువ. కింద రాళ్లు చాల్లేదు."

"మరి అంతే కదా. కోటిపల్లి రేవులో పడవెక్కితే అందర్నీ కింద కూర్చోమనేవాళ్లు. ఎవరు లేచి నిలబడినా సరంగు కేకలేసేవాడు." అమ్మ రేవు గురించి పావుగంట చెప్పింది. మా అమ్మాయి ఫోన్ నా చేతికివ్వకుండా విన్నది. నాకు కళ్లు చెమర్చాయి.

మిగతావి తొందరగానే తేలాయి. వాసా మ్యూజియంలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు. అది యూర్‌గోర్డెన్ దీవి మీద ఉంది. స్లుస్సెన్ నుంచి ఫెర్రీలో వెళ్తాం, సిటీ బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది. అదే దీవిలో ఉన్న స్కాన్‌సెన్‌లో పాత ఊళ్ల ఇళ్లని తెచ్చి నిలబెట్టారు, 1891 నుంచీ ఉంది. అమ్మ చూడాల్సిందే గానీ అదంతా గుట్ట, ఆవిడ మోకాళ్లకి ఒక్క పూట చాలు. పాతబస్తీ గామ్లా స్తాన్‌లో 90 సెంటీమీటర్ల వెడల్పు సందు ఒకటుంది, మా చిన్నాడికి అదొక్కటి చూపిస్తే చాలట. జూన్‌లోనే వచ్చే మిడ్‌సమ్మర్ పండగ రోజుల్లో చాలా దుకాణాలు మూసేస్తారు, అందుకని దానికి ముందు వారానికే టికెట్లు తీశాం. రైల్లోకి పులిహోర, పెరుగన్నం.

నిన్న రాత్రి ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. పైనంతా స్వీడిష్. ఫెర్రీ అని రాసినచోట మాత్రం, కింద వంకర టింకర తెలుగు అక్షరాల్లో ఒక లైను: "అమ్మమ్మ మద్యలో. ఎవరు నిలబడకుడదు."