డచ్ పల్లెలో అద్దె ఇల్లు: నా అనుభవం

వెల్డ్‌హోవెన్‌లో చిప్‌ల తయారీ యంత్రాలకు విడిభాగాలు సరఫరా చేసే ఒక కంపెనీలో చేరినప్పుడు, మొదటి కొన్ని నెలలకు ఐండ్‌హోవెన్‌లో ఒక ఫర్నిష్డ్ ఫ్లాటు ఇస్తామని, ఆ తరువాత ఇల్లు నన్నే చూసుకోమని యాజమాన్యం ముందే చెప్పింది. నెదర్లాండ్స్‌కు ఉద్యోగానికి వచ్చే మనవాళ్లలో చాలామందికి ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఐండ్‌హోవెన్ పరిసరాల్లో పరిశ్రమ పెరిగినంత వేగంగా ఇళ్లు పెరగలేదు. 2024లో డచ్ ప్రభుత్వం ఈ ప్రాంతానికి ‘బీథోవెన్’ అనే పేరుతో 250 కోట్ల యూరోల ప్రణాళిక ప్రకటించినప్పుడు, ఆ సొమ్ము దేనికి వెచ్చించాలన్న జాబితాలో గృహనిర్మాణం కూడా చేరిందంటే కొరత ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఊళ్లో ఒక్కో ఇంటికి పదులకొద్దీ దరఖాస్తులు వస్తున్నాయని ఏజెంట్లు చెబుతుంటే, మేము పశ్చిమాన ఉన్న కెంపెన్ పల్లెల వైపు చూపు మళ్లించాం. ఏర్సెల్ మునిసిపాలిటీలోని వెస్సెమ్, క్నెగ్సెల్, వింటెల్‌రె వంటి ఊళ్ల నుంచి వెల్డ్‌హోవెన్‌కు ఎత్తుపల్లాలు లేని సైకిల్ దారి ఉంది. ఎలక్ట్రిక్ సైకిల్ ఉంటే ఆఫీసుకు వెళ్లిరావడం పెద్ద శ్రమ కాదు.

ఇక్కడి అద్దె ఇళ్లలో పెద్ద వాటా, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే గృహ సంఘాలది. 2025లో నెలకు 900.07 యూరోల లోపు అద్దె ఉన్న ఆ ఇళ్లు ఆదాయ పరిమితికి లోబడినవారికి, అదీ ఏళ్ల తరబడి వరుసలో ఉన్నవారికి దక్కుతాయి. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. మిగిలింది ప్రైవేటు యజమానుల ఇళ్లు. వీటికి ఏజెంట్లు అద్దెకు మూడు, నాలుగు రెట్ల స్థూల జీతం, ఉద్యోగ ఒప్పందం, కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం, ఇటీవలి జీతం స్లిప్పులు అడుగుతారు. ఈ పత్రాలన్నీ ఒక ఫైలుగా కూర్చి సిద్ధంగా పెట్టుకున్నాం గాని, చూపించడానికి ఇల్లు ఉంటే కదా! ఇళ్ల ప్రకటనలు వచ్చే ఫుండా, పరారియుస్ సైట్లలో ఈ పల్లెల పేర్లు కొట్టి వెతికితే వారాల తరబడి ఒక్క ప్రకటనా కనిపించేది కాదు.

ఆ ప్రాంతంలోనే పుట్టిపెరిగిన సహోద్యోగి ఒకాయన అసలు సంగతి చెప్పాడు. పల్లెల్లో అద్దెకిచ్చే కొద్దిపాటి ఇళ్లు సైట్లదాకా రావని, ఫుట్‌బాల్ క్లబ్బు క్యాంటీన్‌లోనో చర్చి ముంగిట్లోనో నోటిమాట మీదే చేతులు మారతాయని ఆయన మాట. మన పల్లెల్లో మాత్రం టు లెట్ బోర్డు ఎక్కడ కనిపిస్తుంది? ‘ఎవరి తాలూకు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే కదా తాళం చెవి చేతికొచ్చేది. ఆయన తాను బాకా వాయించే ఊరి బ్యాండు బృందంలో మా గురించి ఒక మాట వేసి ఉంచాడు. ఆ మాట చివరికి ఒక పెద్దావిడను చేరింది. తల్లిదండ్రుల ఇంటిని అమ్మడం ఆమెకు ఇష్టం లేదు. అందులో ఉంటున్న దంపతులు సొంత ఇల్లు కొనుక్కుని ఖాళీ చేయబోతున్నారు.

మా ఫైలును ఆమె తెరవనేలేదు. అమ్మాయికి ఎన్నేళ్లు, ఊరి బడిలోనే చేరుస్తారా, శీతాకాలం గడిచాక కూడా ఉంటారా లేక పట్నంలో ఇల్లు దొరకగానే వెళ్లిపోతారా అని నిదానంగా అడిగింది. చిన్న ఊళ్లలో బడి నిలబడాలంటే పిల్లల సంఖ్య ఒక హద్దుకు దిగువకు పడకూడదు కనుక, ఆమెకు మా నాలుగేళ్ల పాప నా జీతం కంటే ముఖ్యమైన విషయం. ఇక్కడ బడిలో చేరే వయసు నాలుగు, నిర్బంధ విద్య మొదలయ్యేది అయిదు. వసంతంలో పొలాలకు పేడ ఎరువు పెట్టే రోజుల్లో వాసన ఘాటుగా ఉంటుందని, బస్సు ఎప్పుడో ఒకటి వస్తుందని, దాన్ని కూడా నమ్ముకోవద్దని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. తెనాలి దగ్గర పాడి ఉన్న ఇంట్లో పెరిగిన నా భార్య పేడ వాసన తనకు కొత్త కాదని అన్నప్పుడు ఆమె నవ్వింది. ఇల్లు మాకు ఖాయమైంది అప్పుడేనని నేను అనుకుంటాను.

మాట కుదిరాక ఒప్పంద పత్రం రాసే పని ఆమె ఒక ఏజెంటుకు అప్పగించింది. ఈ దేశంలో ఇంటి అద్దెను పాయింట్లు నిర్ణయిస్తాయి. గదుల వైశాల్యంలో చదరపు మీటరుకు ఒక పాయింటు, సామాన్ల గది వంటి ఇతర స్థలానికి ముప్పావు పాయింటు, ఆపై వంటగది, స్నానాలగది, పెరడు, ఎనర్జీ లేబుల్ (ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడు), ఇంటికి మునిసిపాలిటీ లెక్కగట్టిన విలువ, ఇవన్నీ కలిపి లెక్క తేలుస్తారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 144 నుంచి 186 పాయింట్ల వరకు ఉన్న ఇళ్లకు కూడా అద్దె పరిమితి ఉంది. 186 దాటితేనే యజమాని తన ఇష్టప్రకారం అద్దె అడగవచ్చు. 2025 జనవరి నుంచి కొత్త ఒప్పందంతో పాటు ఈ లెక్కల కాగితం కూడా అద్దెదారుకు ఇచ్చి తీరాలి. మాకు ఇచ్చిన కాగితంలో మొత్తం 191 అని ఉంది.

ఆ కాగితం, టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. గదులు సరిపోయాయి. అటకను మాత్రం 16 చదరపు మీటర్ల గదిగా చూపించి పదహారు పాయింట్లు వేశారు. అటక ఎక్కడానికి అక్కడ శాశ్వతమైన మెట్లు లేవు. పైకప్పులోని తలుపుకు కట్టిన తాడు లాగితే కిందికి దిగే మడత నిచ్చెన మాత్రమే ఉంది. అలాంటి అటకను ఇతర స్థలంగానే లెక్కించి, పైగా అయిదు పాయింట్లు తగ్గించాలి. అంటే పన్నెండులోంచి అయిదు పోగా ఏడు. తొమ్మిది పాయింట్ల తేడాతో ఇల్లు 182కు దిగి పరిమితి కిందికి వచ్చింది. 2025లో 186 పాయింట్ల ఇంటికి సైతం గరిష్ఠ అద్దె 1,184.82 యూరోలే, మమ్మల్ని అడిగింది అంతకన్నా ఎక్కువ. నమ్మి ఇల్లిస్తున్న మనిషితో లెక్కల పేచీ పెట్టుకోవడమా అని సంకోచం కలిగిన మాట నిజం. అయితే సంతకం చేశాక అద్దె తగాదాలు తీర్చే అద్దెల కమిషన్ దగ్గరికి వెళ్లడం కంటే ముందే ఎదురుగా కూర్చుని చెప్పడం మర్యాద అనిపించి, నిచ్చెన ఫోటోతో సహా ఆమెకే చూపించాను. ఆమె చట్టం అదే అయితే అలాగే కానివ్వండి అని ఏజెంటుతో లెక్క మళ్లీ వేయించింది. ఏజెంటు మా నుంచి కోరిన ‘ఒప్పంద ఖర్చులు’ కూడా ఆ సందర్భంలోనే ఎగిరిపోయాయి, యజమాని తరఫున పనిచేసే ఏజెంటు అద్దెదారు దగ్గర రుసుము తీసుకోరాదు కనుక. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, ఖాళీ చేశాక కోతలేమీ లేకపోతే 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టి కాపురం పెట్టిన నాకు ఆ వాక్యం చదవడమే ఒక సుఖం.

తాళాలు తీసుకున్న రోజు ఇల్లు అక్షరాలా బోడిగా ఉంది. ఇక్కడ ఫర్నిచర్ లేని ఇల్లంటే నేల మీద పరిచే పలకలు, కర్టెన్లు, దీపాలు కూడా లేని ఇల్లు. పాత అద్దెదారులు మేడమీది లామినేట్‌ను (నేల మీద పరిచే పలకలను), కర్టెన్లను చవకగా మాకే అమ్మి, కింది హాల్లోది మాత్రం పీకి తీసుకుపోయారు. ఉత్త కాంక్రీటు మీద జిగురు మచ్చలు, పైకప్పు నుంచి వేలాడే తీగల చివర చిన్న ప్లాస్టిక్ కనెక్టర్లు, అంతే మిగిలింది. మార్క్ట్‌ప్లాట్స్ సైట్లో ఎవరో మిగుల్చుకున్న లామినేట్ పెట్టెలు కొన్నాం. పలకలు గది వాతావరణానికి అలవాటు పడాలి కాబట్టి వాటిని రెండు రోజులు హాల్లోనే ఉంచి, గోడ పొడవునా సెంటీమీటరు ఖాళీ వదిలి పరిచాం. వెళ్లేటప్పుడు దాన్ని తీసేయాలా, వచ్చేవారికి అప్పగించవచ్చా అన్నది అప్పగింత పత్రంలోనే రాయించుకోవడం మంచిది.

వీధి తలుపు పక్కనే ఉన్న చిన్న అల్మరాలో మీటర్లు ఉంటాయి. కరెంటు మీటరు తెరమీద అంకెలు ఒకదాని తరువాత ఒకటి మారుతుంటాయి, 1.8.1 చౌక వేళల వాడకం, 1.8.2 మామూలు వేళలది. ఈ రెంటినీ, గ్యాసు, నీటి మీటర్లనూ యజమానురాలి సమక్షంలోనే ఫోటో తీసుకున్నాం. చిరునామా మార్పును ఇల్లు మారిన 5 రోజుల్లోగా కొత్త మునిసిపాలిటీకి తెలపాలి. నమోదుకు ఒప్పుకోని ఇల్లు ఎంత చవకైనా తీసుకోకూడదు, ఎందుకంటే బడి, ఆరోగ్య బీమా, బ్యాంకు ఉత్తరాలు అన్నీ ఆ చిరునామాకే ముడిపడి ఉంటాయి. పాప జనన ధ్రువపత్రానికి హైదరాబాద్ నుంచి బయలుదేరే ముందే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి ఉంచడం వల్ల, ఐండ్‌హోవెన్‌లో జరిగిన తొలి నమోదు నాడే ఆ తంతు ముగిసింది. ఏర్సెల్‌లో కొత్త ఒప్పంద పత్రం చూపిస్తే సరిపోయింది.

అద్దె కాక అద్దెదారు భరించే పన్నులు కూడా ఉన్నాయని లెక్కలో వేసుకోవాలి. చెత్త సేకరణకు మునిసిపాలిటీ, మురుగునీటి శుద్ధికి, కాలువల నిర్వహణకు ‘డి డొమ్మెల్’ అనే నీటి బోర్డు విడివిడిగా బిల్లులు పంపుతాయి. అద్దె పెంపుకూ హద్దు ఉంది: మా తరగతి ఇళ్లకు 2025లో అది గరిష్ఠంగా 7.7 శాతం. మేము ఖాళీ చేయదలిస్తే ఒక నెల ముందు చెబితే చాలు. మమ్మల్ని ఖాళీ చేయమనడానికి మాత్రం యజమానురాలికి చట్టం గుర్తించిన కారణం ఉండాలి. ఒప్పందంలో గడువు తేదీ అంటూ లేదు.