‘ఏటి’ అంటే నవ్వెందుకు?

పరాయి దేశంలో పెరిగే మన పిల్లలకు తెలుగు పల్లె ముందుగా కనిపించేది టీవీ కామెడీ స్కిట్లలోనే. గళ్ల లుంగీ, నెత్తిన తువ్వాలు, మొహానికి దట్టంగా నల్లరంగు, బ్యాంకు ఫారం ముందు బిక్కమొహం. సెలవులకు ఊరెళ్లే పిల్ల ఆ మనిషినే వెతుక్కుంటుంది.

టీవీ కట్టేస్తే పని జరగదు, అదే ముక్క ఫోన్లో క్లిప్పై వస్తుంది. కలిసి చూడండి. మధ్యలో ఉపన్యాసం ఎత్తుకున్నారో, రేపట్నుంచి మీ పక్కన కూర్చోరు. స్కిట్ అయ్యాక ఒక్క నిమిషం వెనక్కి తిప్పి, మ్యూట్‌లో చూపండి. అతికించిన నవ్వులు, టింగుమనే చప్పుళ్లు పోయాక ఏం మిగిలిందో వాళ్లే చెబుతారు. అప్పుడు ఒకే ప్రశ్న: నవ్వొచ్చింది అతను చేసిన పనికా, మాట్లాడిన తీరుకా?

సబ్‌టైటిళ్లతో చూసే ఇళ్లలో ఇంకో చిక్కుంది. ‘ఏటి సేత్తన్నావు’ అన్నా, ‘ఏం జేస్తున్నవ్’ అన్నా, ‘ఏం చేస్తున్నావు’ అన్నా కింద పడే ఇంగ్లిష్ వాక్యం ఒకటే. అమ్మానాన్నా దేనికి నవ్వారో అంతుపట్టక, ఆ మనిషే నవ్వులాట అనుకుంటారు పిల్లలు. మూడూ పలికి వినిపించండి. మొదటిది శ్రీకాకుళం వైపు మాట, రెండోది తెలంగాణది. మూడోది పుస్తకాలకెక్కింది గనక ‘మంచి తెలుగు’ అయి కూర్చుంది.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, అది గిడుగు వెంకట రామమూర్తి జయంతి. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. వాడుక భాషకు రాతలో చోటు కావాలని పోరాడారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. ఆయన పటానికి దండ వేసిన వేదిక మీదే, ఆయన ప్రాంతపు యాసతో పాలేరు వేషం కట్టించి నవ్వించడం ఏం మర్యాదో! పిల్లల నాటిక రాసేవాళ్లు ఆ పాత్ర మాటల్ని ఒకసారి మామూలు తెలుగులో చదివి చూడాలి. నవ్వు రాలేదంటే అక్కడ జోకు లేదు, యాసే ఉంది.

పొగిడి దిద్దబోవడమూ పొరపాటే. ‘పల్లె జనం అమాయకులు’ అనడంలోనూ చిన్నచూపుంది. దానికన్నా పనితనం వినిపించండి. వీడియో కాల్‌లో ‘తిన్నావా’ తర్వాత మాట సాగని తాతయ్యను వరినాట్ల గురించి అడగమనండి. నారు ఎన్నాళ్లది పీకాలి? సుమారు 25 రోజులది. కుదురుకు ఎన్ని మొక్కలు? రెండు, మూడు. నారు ముదిరితే? పిలకలు తగ్గుతాయి, దిగుబడి పడిపోతుంది, అందుకని కుదుళ్లు దగ్గరదగ్గరగా వేస్తారు. ఆ లెక్క విన్న పిల్లకు లుంగీ మనిషి వేరుగా కనిపిస్తాడు.

ఇంత చేసినా ఊళ్లో ఎవరో ‘ఏటమ్మా’ అనగానే పిల్ల కిసుక్కుమంటుంది. అక్కడే గదమాయించి క్షమాపణ చెప్పించకండి, ఎదుటాయనే ముడుచుకుపోతాడు. మీరూ ఆ యాసలోనే బదులివ్వండి. అమ్మకో నాన్నకో ఆ మాట వచ్చని చాలా ఇళ్లలో పిల్లలకు అప్పటిదాకా తెలియదు.