తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసే ఆట

నేను పనిచేసే బియ్యం మిల్లులో లెక్కలన్నీ కంప్యూటరులోకి మారిన తరువాత, సగం రాసి వదిలేసిన పొడవాటి ఎర్రట్ట ఖాతా పుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది. జమ, ఖర్చు అని గీతలు కొట్టి ఉన్న ఆ పుటల్లో రెండున్నర నెలలుగా నేను రాస్తున్నది ధాన్యం బస్తాల లెక్క కాదు. ఎడమవైపు తేదీ, మధ్యలో ఎన్నోసారి అన్న అంకె, కుడివైపు ఆ రోజు ఆన్‌లైన్ ఆటలో నాకు దక్కిన దీపం పేరు. నిన్న రాత్రితో మధ్య వరుసలోని అంకె 71కి చేరింది. కుడి వరుసలో ‘వృశ్చికం’ అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ‘మీనం’ అన్న మాట ఒక్క చోట కూడా లేదు.

ఆట పేరు చెప్పను. ఈ తరహా ఆటలు ఆడేవారికి చెప్పనక్కరలేదు, ఆడనివారికి చెప్పినా ఉపయోగం లేదు. పాడుబడిన కోటలో ఒక రాక్షసుడు ఉంటాడు. వాణ్ణి రోజుకొక్కసారి మాత్రమే చంపవచ్చు. అందుకు పాతిక నిమిషాలు పడుతుంది, అదీ నెట్ సరిగా ఉంటే. వాడు పడిపోగానే ఒక పెట్టె తెరుచుకుని, పన్నెండు రాశుల దీపాల్లో ఏదో ఒకటి బయటికి వస్తుంది. ఏ దీపమైనా రావడానికి సమానమైన అవకాశం ఉందని ఆటలోనే రాసి పెట్టారు. పన్నెండూ చేరితే ఆటలో మన ఇంటి వసారా అంతా వెలుగుతుంది. బలం పెరగదు, డబ్బు రాదు, ఆ వెలుగు తప్ప మరే ప్రయోజనమూ లేదు. నా వసారాలో పదకొండు దీపాలు వెలుగుతున్నాయి, ఒక కొక్కెం ఖాళీగా వేలాడుతున్నది. ఒడిశాలోని పర్లాకిమిడిలో, మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఊళ్ళో, పగలంతా నూక శాతాలు లెక్కకట్టే నలభై దాటిన మనిషి, రాత్రి ఆ ఖాళీ కొక్కేన్ని చూసి నిద్ర పాడుచేసుకోవడం హాస్యాస్పదమని నాకూ తెలుసు.

లెక్కల మనిషిని కాబట్టి మొదట లెక్కే వేసుకున్నాను. పన్నెండు రకాల వస్తువులు సమానమైన అవకాశంతో ఒక్కొక్కటిగా వస్తుంటే, అన్నిటినీ కూడబెట్టడానికి సగటున ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది గణితంలో పాత ప్రశ్నే. జవాబు సుమారు 37. చూడవలసినది ఆ 37 ఎక్కడెక్కడ ఖర్చవుతుందన్నది. మొదటి దీపం మొదటిసారే వస్తుంది, ఎందుకంటే ఏది వచ్చినా అది కొత్తదే. సగం దీపాలు చేరేవరకు పెద్దగా కష్టం తెలియదు. ఆ తరువాత ప్రతి కొత్త దీపానికీ ఎదురుచూపు సాగుతూ పోయి, పదకొండు చేరడానికి సగటున 25 ప్రయత్నాలు పడితే, మిగిలిన ఒక్కదానికే సగటున ఇంకో 12 పడతాయి. నాకు పదకొండో దీపం 29వ సారి వచ్చింది, అంటే అంతవరకు నా అదృష్టం మరీ తీసిపోయిందేమీ కాదు. అక్కడి నుంచి వరుసగా నలభై రెండుసార్లు మీనం రాలేదు. నాలాగే పదకొండు దీపాల దగ్గర నిలిచిన వెయ్యిమందిని తీసుకుంటే, నలభై రెండు ప్రయత్నాల తరువాత కూడా ఆ ఒక్కటీ దక్కనివారు దాదాపు ఇరవై ఆరుగురు ఉంటారు. ఎవరో ఒకరు ఆ ఇరవై ఆరుగురిలో ఉండక తప్పదన్నది లెక్క చెప్పే మాట. అది నేనే ఎందుకు కావాలన్న ప్రశ్నకు లెక్క దగ్గర జవాబు లేదు.

ఈ లెక్కంతా ఒకరోజు మా అమ్మకు వివరించాను. ఆమెకు ఆట తెలియదు, రాశులు తెలుసు. వృశ్చికం మళ్ళీ మళ్ళీ వస్తోందని చెబితే, చిక్కుడుకాయలు ఒలుస్తూ, “వచ్చేసిన దీపం చీటీ మళ్ళీ డబ్బాలో ఎందుకేస్తారేటి?” అని అడిగింది.

ఆమె మనసులో ఉన్నది మా వీధి ఆడవాళ్ళ చీటీ. ఇరవై మంది, నెలకు వెయ్యి రూపాయలు, పాట ఉండదు, పేరు తీయడమే. పాత బిస్కెట్ డబ్బాలో పేర్లు రాసిన చీటీలు మడిచి వేసి, ఆ ఇంట్లో అందరికంటే చిన్న పిల్ల చేత ఒకటి తీయిస్తారు. పేరు చదివి, డబ్బు చేతిలో పెట్టి, ఆ చీటీని అందరి ఎదుటా చించేస్తారు. ఇరవై వేలు ముందుగా అందుకున్నవారి మీద కాస్త అసూయ ఉంటుంది, ఆలస్యమైనవారికి కాస్త దిగులు ఉంటుంది, కాని ఎంత దురదృష్టవంతురాలైనా ఇరవయ్యో నెలలో ఆమె పేరు రాక తప్పదు. పైగా నెల గడిచేకొద్దీ ఆమె అవకాశం పెరుగుతూనే ఉంటుంది. మొదటి నెల ఇరవైలో ఒక వంతు, పదో నెలకు పదకొండులో ఒక వంతు, చివరి నెలకు పూర్తి. పేరు రాని ప్రతి నెలా ఆమెను డబ్బుకు దగ్గర చేస్తుంది. నా ఆటలో మాత్రం తీసిన చీటీని చదివి, నాకు చూపించి, మళ్ళీ మడిచి డబ్బాలో వేసేస్తారు. 71 సార్లు రాలేదన్న సంగతి ఆ డబ్బాకు తెలియదు. 72వ సారి కూడా నా అవకాశం పన్నెండింట ఒక వంతే. నా ఖాతా పుస్తకంలో తప్ప నా శ్రమకు మరెక్కడా గుర్తు లేదు.

ఒక శాతం లెక్కలో చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. నూటికి ఒకసారి వచ్చే వస్తువు నూరుసార్లు ఆడితే వచ్చి తీరుతుందని అనుకుంటారు. నూరుసార్లు ఆడినా దక్కనివారు నూటికి దాదాపు 37 మంది, మూడువందలసార్లు ఆడినా దక్కనివారు దాదాపు అయిదుగురు ఉంటారు. 2004లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో లిచ్ కింగ్ అనే శత్రువును చంపితే అరుదుగా దొరికే ఇన్విన్సిబుల్ అనే రెక్కల గుర్రం ఉంది. దాని అవకాశం సుమారు ఒక శాతమని ఆటగాళ్ళు కట్టిన లెక్క. ఒక పాత్రతో వారానికి ఒక్కసారే ప్రయత్నించగలరు కాబట్టి, నూరు ప్రయత్నాలంటే దాదాపు రెండేళ్ళు. ఆ గుర్రం కోసం ఏళ్ళ తరబడి వారం వారం వెళ్ళివచ్చేవారితో పోలిస్తే నా రెండున్నర నెలలు ఏపాటి?

యాదృచ్ఛికత మీద నాకు పగ లేదు. మొదటి పదకొండు దీపాలకు నేను పొందిన ఆనందమంతా దానిదే. పెట్టె తెరుచుకునే ఆ రెండు క్షణాల్లో ఏ రంగు వెలుగు వస్తుందోనని ఊపిరి బిగపట్టడం, ఫలానా రోజు ఫలానా దీపం వస్తుందని ముందే తెలిస్తే ఉండేది కాదు. ఎన్నోసారికి గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను మరింత పట్టుదలగా పొడుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ఎప్పుడో నిరూపించాడు, ఆటలు తయారుచేసేవారు ఆ పాఠం బాగానే చదువుకున్నారు. నా గొడవ చివరి దీపంతోనే. అక్కడ ఆశ్చర్యానికి చోటు లేదు. మీనం, లేదా మీనం కానిది. ఎరుపు వెలుగు కనబడగానే తేలు అని తెలిసిపోతుంది, పెట్టె పూర్తిగా తెరుచుకునేవరకు కూడా నేను ఆగడం లేదు.

అదనంగా వచ్చిన దీపాలను మార్చుకోనిస్తే ఈ గొడవ సగం తీరేది. బడి రోజుల్లో బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవి. నా దగ్గర సచిన్ బొమ్మలు ఏడు ఉండేవి, కుంబ్లే ఒక్కటీ లేదు. పక్క బెంచీలో కూర్చునే ఒడియా మిత్రుడి దగ్గర కుంబ్లేలు మూడు ఉండేవి. రెండు సచిన్‌లకూ ఒక గోళీకాయకూ బేరం కుదిరింది. మేము బొమ్మలు తెలుగులో లెక్కపెట్టుకునేవాళ్ళం, పోట్లాట వస్తే ఒడియాలో పోట్లాడుకునేవాళ్ళం. ఆ బేరం వల్ల నా అట్ట పుస్తకం ఒక్క మధ్యాహ్నంలో నిండింది. నాకు పనికిరాని ఏడో సచిన్‌కు ఇంకొకరి దగ్గర విలువ ఉండేది కాబట్టి, పొట్లం విప్పి మళ్ళీ సచిన్‌ను చూసినా ఏడుపు వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ మిత్రుడే నాతో కలిసి ఈ ఆట ఆడుతున్నాడు. అతనికి మీనం మూడో రోజే వచ్చింది, ఆ తరువాత మరో నాలుగుసార్లు వచ్చింది. అతనికి లేనిది సింహం, నా దగ్గర సింహాలు ఆరు మూలుగుతున్నాయి. ఇద్దరం ఒకే కోటలో ఒకే రాక్షసుడి శవం పక్కన నిలబడి ఉంటాం, కాని ఒకరి దీపం ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు, చేతికి రాగానే అది ఆ పాత్రకే అతుక్కుపోతుంది. అదనపు దీపాలను అమ్మితే ఆటలోని దుకాణదారు ఒక్కొక్కదానికి చిల్లర నాణేలు ఇస్తాడు, అవి నా కత్తికి సాన పట్టించడానికి కూడా చాలవు. మొన్న మళ్ళీ తేలు వచ్చినప్పుడు అతను మైకులో “కపాళొ, భాయి” అన్నాడు. ఒడియాలో కపాళమంటే నుదురు. తలరాతను మనమూ నుదుటి మీదే చదువుతాం కాబట్టి అనువాదం అవసరం లేకపోయింది.

మార్పిడి నిషేధానికి కారణం లేకపోలేదని న్యాయంగా ఒప్పుకోవాలి. 2012లో వచ్చిన డయాబ్లో 3 అనే ఆటలో వస్తువులను వేలం వేసుకునే అంగడి పెట్టారు, అసలు డబ్బుతో కొనే వీలు కూడా కల్పించారు. రాక్షసులను చంపి సంపాదించడం కంటే అంగడిలో కొనుక్కోవడమే సులువైపోయి, ఆట అసలు ఉద్దేశమే దెబ్బతింటున్నదని, 2014 మార్చిలో దాన్ని తయారుచేసినవారే మూసేశారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కాని వేలం అంగడి వేరు, ఇద్దరు మిత్రులు ఒక దీపానికి ఒక దీపం మార్చుకోవడం వేరు. రెండో దాన్ని అనుమతిస్తే ఏ వ్యవస్థా కూలిపోదు.

డబ్బాకు జ్ఞాపకం పెట్టడం అసాధ్యమేమీ కాదు. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆటలో అత్యున్నత స్థాయి పాత్ర వచ్చే అవకాశం ఒక్కో ప్రయత్నానికి 0.6 శాతమే అయినా, వరుసగా 89 సార్లు రాకపోతే 90వ సారి తప్పకుండా వస్తుంది. ఆటగాళ్ళు దాన్ని ‘పిటీ’ అంటారు, అంటే జాలి. అక్కడ డబ్బు ఖర్చు పెట్టించడానికి వేరే ఎరలు లేకపోలేదు, అయినా లెక్కింపు మాత్రం మా అమ్మ చీటీకి దగ్గరి చుట్టమే. డోటా 2 అనే ఇంకో ఆటలో కొన్ని కత్తి దెబ్బలకు కూడా ఈ జ్ఞాపకం ఉంది. బలమైన దెబ్బ పడని ప్రతిసారీ తరువాతి దెబ్బకు అవకాశం కొంచెం పెరుగుతుంది. కత్తి దెబ్బకు దొరికిన న్యాయం నా మీనం దీపానికి దొరకలేదు.

జపానులో ఈ చివరి వస్తువు బాధనే వ్యాపారం చేశారు. యాదృచ్ఛికంగా వచ్చే బొమ్మలను డబ్బు పెట్టి కొంటూ పూర్తి జట్టు కూర్చితేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని ‘కంప్లీట్ గచా’ అనేవారు. మొదటి బొమ్మలు చవకగా చేరిపోయి చివరి ఒక్కదాని దగ్గర జేబులు ఖాళీ అవుతుంటే, 2012లో అక్కడి ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల సంస్థ అది చట్టవిరుద్ధమని తేల్చింది. పై లెక్కలోని 25, 12 అంకెలు తెలిసినవారికి ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. నేను పోగొట్టుకుంటున్నది రూపాయలు కావు కాబట్టి నాకు ఏ చట్టమూ వర్తించదు. రోజుకు పాతిక నిమిషాల చొప్పున 71 రోజులంటే దాదాపు ముప్పై గంటలు, ఆ లెక్క కూడా ఖాతా పుస్తకం అట్ట లోపలివైపు పెన్సిలుతో వేసి ఉంది.

నష్టం మీద కూడా నాకు ఇంత కోపం రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, రోజుల తరబడి మా వీధిలో కరెంటు లేదు. అప్పట్లో నేనాడే వేరే ఆటలో దసరా రోజుల్లోనే వచ్చిన ప్రత్యేక వారం ఆ చీకట్లోనే గడిచిపోయింది, మళ్ళీ ఎన్నడూ రాని ఒక ఉంగరం పోయింది. ఆ ఉంగరం కోసం ఒక్క రాత్రి కూడా నిద్ర మానలేదు. గాలికి నేనెవరో తెలియదు, చెట్టూ పోయింది, స్తంభమూ పోయింది, ఉంగరమూ పోయింది. మీనం అలా కాదు. దాని కోసం రోజూ వెళ్ళి, చేయవలసినదంతా తప్పు లేకుండా చేసి, చేయి చాచి నిలబడాలి. ఆ తరువాత లేదనిపించుకోవాలి. జపాను ఆటగాళ్ళు ఆటల్లో ‘కోరికను పసిగట్టే యంత్రం’ ఒకటి ఉంటుందని, కోరుకున్నదాన్ని అది కనిపెట్టి దాచేస్తుందని సరదాగా అంటారట. సరదా మాటేనని తెలిసి కూడా, గత వారం మూడు రోజులు నాకు మీనం అక్కరలేనట్టు నటిస్తూ, పెట్టె తెరుచుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాను. వచ్చినవి కన్య, వృషభం, తేలు.

ఇంతవరకు రాసి ఆపి, భోజనం చేసి, 72వ సారి వెళ్ళివచ్చాను. మిత్రుడికి సింహం వచ్చింది. అతని వసారా నిండిందని మైకులో కేకలు పెట్టాడు, నేను మనస్ఫూర్తిగానే అభినందించాను, కాస్త ఆలస్యంగా. అమ్మ పక్క గదిలోంచి “ఏట్రా, వచ్చిందా?” అని అడిగింది. రాలేదన్నాను. ఖాతా పుస్తకంలో తేదీ వేసి, 72 అని రాసి, పక్కన తుల అని రాశాను.