అకౌస్టిక్ అలవాటైన చేతికి ఎలక్ట్రిక్ గిటార్

మన బడి సంగీతం గదిలో గిటార్ పట్టిన బ్యాచ్‌లన్నీ అకౌస్టిక్ మీదే మొదలుపెట్టాయి. మైకు లేకుండా వెనక వరసకు వినబడాలంటే గట్టిగా నొక్కాలి, మణికట్టు ఊపి ఆరు తీగలూ మోగించాలి అని మాస్టారు నేర్పారు. ఆ వాయిద్యానికి అది సరైన పాఠమే. ఉద్యోగాల్లో కుదురుకున్నాక మనవాళ్లు చాలామంది ఎలక్ట్రిక్ కొంటున్నారు. అదే చేత్తో వాయించి, రొద వస్తోందని యాంప్‌ను, అంటే శబ్దం పెంచే పెట్టెను, అనుమానిస్తున్నారు. దోషం యాంప్‌ది కాదు. ఎలక్ట్రిక్‌లో తీగను తాకితే చాలు, శబ్దం వస్తుంది. అక్కర్లేని శబ్దాన్ని ఆపడమే అసలు పని, దానికి రెండు చేతులూ కావాలి.

ముందు ఎడమచేతి బలం తగ్గించాలి. అకౌస్టిక్‌కు మామూలుగా .012 (సన్న తీగ) నుంచి .053 (లావు తీగ) అంగుళాల మందం సెట్ వేస్తాం. ఎలక్ట్రిక్‌కు .009–.042 గానీ .010–.046 గానీ. ఇంత సన్నని తీగను పాత బలంతో నొక్కితే శ్రుతి పైకి పోతుంది. శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి రెండో తీగను (అన్నిటికంటే సన్నది మొదటిది) మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర నొక్కి చూడండి, సూది కుడివైపుకు జరగడం కనిపిస్తుంది. నొక్కుడు కొద్దికొద్దిగా వదులుతూ మీటండి. తీగ జరజరమన్న చోట ఆగి, రవ్వంత బలం కలపండి. అంతే చాలు.

ఇక మ్యూటింగ్, అంటే అక్కర్లేని తీగలను మోగనివ్వకపోవడం. దీని మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు. రెండో తీగ మీద ఒక్క స్వరం వాయిస్తున్నారనుకోండి. చూపుడువేలి కొస మూడో తీగను ఆనాలి, నొక్కకూడదు. అదే వేలి లోపలి వైపు మొదటి తీగ మీద వాలి ఉండాలి. నాలుగు, ఐదు, ఆరు తీగల మీద కుడి అరచేతి మడమ ఆనించాలి. అప్పుడే రెండో తీగ ఒక్కటే పలుకుతుంది. అకౌస్టిక్‌లో పక్క తీగలు సన్నగా మోగితే ఇంపుగానే ఉంటుంది, గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే నాబ్) పెంచిన యాంప్‌లో అవే గోల. తీగను అరచేతితో సగం ఆపి మీటే పామ్ మ్యూట్‌కు మడమ బ్రిడ్జి (తీగల కింది కొసను పట్టి ఉంచే భాగం) అంచున, తీగలు బయటికొచ్చే చోటే ఉండాలి. కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పోతే స్వరం చచ్చిపోతుంది, వెనక్కి పోతే అసలు ఆగదు.

బెండ్ విషయంలో వీణ నేర్చినవాళ్లు అదృష్టవంతులు, తీగను పక్కకు లాగి పై స్వరం పలికించడం వాళ్లకు కొత్త కాదు. అకౌస్టిక్‌లో మూడో తీగ మీద సాధారణంగా చుట్టు ఉంటుంది, లాగితే మొరాయిస్తుంది. ఎలక్ట్రిక్‌లో అది నున్నటి తీగ. మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద ఉంగరపువేలు పెట్టి, వెనక నడిమివేలు, చూపుడువేలు ఆసరా ఇవ్వండి. బొటనవేలిని మెడ పైకి తెచ్చి తాళం చెవి తిప్పినట్టు మణికట్టు తిప్పండి. వేళ్లతో తోస్తే నొప్పే మిగులుతుంది. ముందు తొమ్మిదో ఫ్రెట్ వాయించి ఆ స్వరం చెవిలో పెట్టుకోండి, బెండ్ సరిగ్గా అక్కడికే చేరాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పలికించిన గమకాలు వినండి. ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో చెవికి తెలుస్తుంది.

డిస్టార్షన్‌లో, అంటే గెయిన్ పెంచి గరుకుగా చేసిన శబ్దంలో, ఆరు తీగల ఓపెన్ కార్డు (కొన్ని తీగలు నొక్కకుండా వదిలి అన్నీ కలిపి మోగించేది) బురదలా వినిపిస్తుంది. డిస్టార్షన్ స్వరాల మధ్య తేడా ఫ్రీక్వెన్సీలను కూడా పుట్టిస్తుంది. షడ్జ పంచమాల ఫ్రీక్వెన్సీలు 2:3 నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి వాటి తేడా సరిగ్గా కింది షడ్జం దగ్గర పడి బలాన్నిస్తుంది. ఫ్రెట్ల మీద పంచమం శుద్ధస్థానానికి 2 సెంట్ల (సెంటు అంటే ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు) దూరంలోనే ఉంటుంది, మేజర్ థర్డ్ (అంతర గాంధారం) మాత్రం 14 సెంట్లు ఎక్కువ. అందుకే థర్డ్ చేరగానే గరగర. ఆరో తీగ ఐదో ఫ్రెట్, ఐదో తీగ ఏడో ఫ్రెట్, నాలుగో తీగ ఏడో ఫ్రెట్: ఈ మూడే వాయించి మిగతావి ఆపండి. క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ లేకుండా, వాయించేటప్పుడు మాత్రం పాత కార్డులన్నీ హాయిగా పనిచేస్తాయి.

అకౌస్టిక్ తీగల సెట్ ఎలక్ట్రిక్‌కు వేయకండి. కాంస్యపు చుట్టును పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) అయస్కాంతం పట్టించుకోదు, లావు తీగలు నీరసంగానూ సన్నవి గట్టిగానూ వినబడతాయి. అలాగని పికప్‌ను తీగల దగ్గరికి మరీ ఎత్తినా ముప్పే. అయస్కాంతం తీగను లాగి స్వరం వంకర పోతుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయితే చివరి ఫ్రెట్ నొక్కి చూసినప్పుడు తీగకూ దానికీ మధ్య 2 నుంచి 2.5 మి.మీ. సందు ఉండాలి.

మొదటి వారాల్లో యాంప్‌ను క్లీన్‌లోనే ఉంచండి. తర్వాత గెయిన్ పెంచి, గిటార్ వాల్యూమ్ నాబ్‌ను 6 దగ్గరికి దించి చూడండి, శబ్దం మళ్లీ తేటపడుతుంది. అకౌస్టిక్‌లో చేతి బరువుతో తెచ్చిన హెచ్చుతగ్గుల్లో చాలా భాగం ఇక్కడ ఈ నాబ్‌తోనే వస్తాయి. పాట మధ్యలో దాన్ని చిటికెనవేలితో తిప్పడం కూడా సాధనలో భాగమే.